ఆరిపోయిన అగ్నిపర్వతం మళ్లీ మండదా? కాతేరు నల్లరాయి నుంచి మారిషస్ బిలం దాకా

2025 నవంబరు 23న ఇథియోపియాలోని అఫార్ ప్రాంతంలో హైలీ గుబ్బి అనే అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద ఎర్ర సముద్రం దాటి, యెమెన్, ఒమన్ మీదుగా మర్నాటి రాత్రికల్లా ఢిల్లీ ఆకాశం దాకా వచ్చింది. కొన్ని విమానాలు రద్దు చేశారు. ఆ వార్తల్లో అందరికీ గుర్తుండిపోయిన మాట ఒకటుంది: అది పన్నెండు వేల ఏళ్ల తర్వాత మేలుకుందట. అంతకు రెండు నెలల ముందు, సెప్టెంబరులో, మన అండమాన్‌లోని బారెన్ దీవి కూడా స్వల్పంగా నిప్పులు కక్కింది.

ఇవి చదివిన గోదావరి జిల్లాలవాళ్లకు రెండు సందేహాలు రావడం సహజం. ఒకటి ఇంటి పక్కది. రాజమండ్రిని ఆనుకుని ఉన్న కాతేరులో, అవతలి ఒడ్డున పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం క్వారీల్లో తవ్వుతున్న నల్లరాయి లావా చల్లారితే ఏర్పడిందేనని బడి పుస్తకాల్లోనే చదువుకున్నాం. మరి ఈ చుట్టుపక్కల అగ్నిపర్వతం ఉండాలి కదా, అది ఏమైంది? రెండోది దూరపుది. మారిషస్ వెళ్లినవాళ్లకు 'ఆరిపోయిన అగ్నిపర్వతం బిలం' అంటూ ఊరి మధ్యలోనే ఒక పెద్ద గుంత చూపిస్తారు. దాని గట్టు మీద నిలబడి ఫొటో దిగడం క్షేమమేనా?

పైకి ఒకదానికొకటి సంబంధం లేనట్టున్నా, చాలామంది భూవిజ్ఞానుల లెక్క ప్రకారం కాతేరు రాయి, మారిషస్ బిలం రెండూ భూమి లోపల ఒకే చోట రగిలిన వేడి నుంచి వచ్చినవే. కాబట్టి ఒకదాన్ని అర్థం చేసుకుంటే రెండోదానికి సగం జవాబు దొరుకుతుంది.

గుండ్రటి గుంతలన్నీ అగ్నిబిలాలు కావు

ముందు మాటలు తేల్చుకుందాం. భూమి లోపల కరిగి ఉన్న రాయి మాగ్మా. అదే బయటపడితే లావా. అది బయటికి వచ్చే రంధ్రం చుట్టూ ఎగిరిపడిన రాళ్లు, బూడిద పేరుకుని గట్టులా లేచి, మధ్యలో మిగిలే గుంత బిలం. దీన్నే క్రేటర్ అంటారు. సాధారణంగా వందల మీటర్ల వెడల్పుంటుంది.

కాల్డెరా అని ఇంకొకటి ఉంది. లోపల నిండి ఉన్న మాగ్మా ఖాళీ అయిపోతే పైకప్పు నిలబడలేక కుంగిపోతుంది. అలా ఏర్పడిన పల్లం కాల్డెరా. అది కిలోమీటర్ల వెడల్పు కూడా ఉండొచ్చు. బిలం పేరుకోవడం వల్ల పుడితే, కాల్డెరా కూలిపోవడం వల్ల పుడుతుంది. అయితే ఈ గీత ఎప్పుడూ ఇంత శుభ్రంగా ఉండదు. మారిషస్ పక్కనున్న రీయూనియన్ దీవిలో పితాన్ ద లా ఫూర్నేజ్ అనే అగ్నిపర్వతం శిఖరం మీద దొలొమ్యూ అనే బిలం ఉంది. 2007 ఏప్రిల్‌లో లావా కొండ పక్క నుంచి దారి చేసుకుని పోవడంతో ఈ బిలం అడుగు కొన్ని రోజుల్లోనే మూడు వందల మీటర్లకు పైగా కిందికి దిగిపోయింది. ఇప్పటికీ అందరూ దాన్ని బిలం అనే అంటున్నారు, పుట్టుక చూస్తే మాత్రం అది కాల్డెరాల జాతి.

ఇక అసలు అగ్నిపర్వతంతో సంబంధమే లేని గుంతలూ ఉంటాయి. మహారాష్ట్రలోని లోణార్ సరస్సు సుమారు 1.8 కిలోమీటర్ల వెడల్పున చక్కటి గుండ్రంగా ఉంటుంది. చుట్టూ ఉన్నదంతా లావా రాయే. చూడగానే అగ్నిబిలం అనిపిస్తుంది, చాలాకాలం అలాగే అనుకున్నారు కూడా. కానీ అక్కడి రాయిలో విపరీతమైన తాకిడికి గాజులా మారిన ఖనిజాలు దొరికాయి. లావా ఎంత వేడిగా ఉన్నా అలాంటి మార్పు తేలేదు. అది ఉల్క పడి చేసిన గుంత.

'ఆరిపోయింది' అని తేల్చేది ఎవరు?

తికమకంతా ఇక్కడే ఉంది. చురుకైనవి, నిద్రపోతున్నవి, ఆరిపోయినవి అని మూడు రకాలుగా చిన్నప్పుడు నేర్చుకున్నాం. ఆ మూడింటి మధ్య సరిహద్దులు ఎక్కడ గీయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పడం కష్టం కూడా.

అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ ప్రపంచ అగ్నిపర్వతాల జాబితా నిర్వహిస్తుంది. వాళ్లు ప్రధానంగా చూసేది గత సుమారు 12 వేల ఏళ్లు, అంటే చివరి మంచుయుగం ముగిసినప్పటి నుంచి నేటి వరకు. ఆ కాలంలో పేలిందనడానికి ఆధారం ఉంటే చురుకైన జాబితాలోకి వస్తుంది. ఇది వాడుకకు అనువైన గీత. అంతే. 12 వేల ఏళ్లు మౌనంగా ఉన్న కొండకు తన కాలం చెల్లిందని తెలియాలి కదా!

రెండో పద్ధతి చరిత్ర. మనుషులు చూసి రాసిపెట్టిన పేలుడు ఉందా లేదా అన్నదే కొలమానం. ఇది ఎంత నమ్మదగినదో బారెన్ దీవే చెబుతుంది. 1787లో నావికులు అక్కడ పేలుడు చూసి నమోదు చేశారు. 1832 దాకా అడపాదడపా మండింది. తర్వాత ఒకటిన్నర శతాబ్దం పైగా ఉలుకూ పలుకూ లేదు. 1980లో ఎవరైనా ఆ దీవి గురించి అడిగి ఉంటే, మూడు నాలుగు తరాల వాళ్లు చూడనిదాన్ని ఆరిపోయిందనడంలో తప్పు కనిపించేది కాదు. 1991లో మళ్లీ పేలింది. ఆ తర్వాత ఇప్పటిదాకా ఎన్నోసార్లు.

హైలీ గుబ్బి విషయంలో వార్తలు చేసిన పొరపాటు ఇదే కోవలోది. '12 వేల ఏళ్లుగా పేలిన దాఖలా లేదు' అన్నదాన్ని '12 వేల ఏళ్లుగా పేలలేదు' అని తిప్పి రాశారు. ఆ కొండ ఉన్న దనకిల్ ఎడారి లాంటి చోట, చూసేవాళ్లూ రాసేవాళ్లూ లేనప్పుడు, దాఖలా లేకపోవడం పెద్ద విశేషం కాదు.

మూడో పద్ధతి అన్నిటికన్నా గట్టిది, ఖరీదైనది. కొండ కింద మాగ్మా సరఫరా ఇంకా ఉందా అని చూడటం. నేల ఉబ్బుతోందా అని ఉపగ్రహాలతో కొలుస్తారు. సన్నటి భూకంపాలు లెక్కబెడతారు. వాయువులు పరీక్షిస్తారు. ఆ సరఫరా శాశ్వతంగా తెగిపోయిందని చెప్పగలిగితేనే 'ఆరిపోయింది' అన్న మాటకు అర్థం ఉంటుంది. ఇంత పని అన్ని కొండలకూ జరగదు. అందుకే ఒకే కొండను ఒక పుస్తకం నిద్రపోతోందని, మరో పుస్తకం చచ్చిపోయిందని రాస్తాయి. బారెన్‌కు ఉత్తరాన, దట్టమైన అడవితో 710 మీటర్ల ఎత్తున నిలిచిన నార్కొండం దీవికి ఇప్పటికీ ఇదే గొడవ.

1961లో దక్షిణ అట్లాంటిక్‌లోని ట్రిస్టాన్ డ కున్యా దీవిలో సరిగ్గా ఊరి పక్కనే నేల చీలి లావా వచ్చింది. అక్కడ తమ జన్మలో అలాంటిది చూసినవాళ్లు ఎవరూ లేరు. దీవి జనాభా మొత్తం, 264 మంది, పడవలెక్కి ఇంగ్లండ్ చేరాల్సి వచ్చింది. రెండేళ్లకు చాలామంది తిరిగి వెళ్లిపోయారనుకోండి.

కొండ కింద పొయ్యి కదలదు, పైన నేల కదులుతుంది

భూమి పైపెంకు కొన్ని పెద్ద రాతి పలకలుగా ఉంటుంది, వాటినే భూ ఫలకాలంటారు. అగ్నిపర్వతాలు ఎక్కువగా ఆ ఫలకాల అంచుల దగ్గర పుడతాయి. బారెన్, నార్కొండం అలాంటివే. అక్కడ ఒక ఫలకం ఇంకోదాని కిందికి దూరుతోంది. కానీ ఫలకం మధ్యలో, అంచులకు సంబంధం లేకుండా పుట్టేవీ ఉన్నాయి. వాటికి ఎక్కువమంది ఒప్పుకునే వివరణ హాట్‌స్పాట్. భూమి లోతుల్లోంచి వేడి రాతి స్తంభం ఒకటి పైకి ఎగదన్నుతూ ఉంటుంది. అది దాదాపు ఒకేచోట ఉంటుంది. పైన ఫలకం జరిగిపోతూ ఉంటుంది. స్తంభం పైనున్నంతకాలం కొండ మండుతుంది, పక్కకు జరిగాక సరఫరా తెగుతుంది. అప్పుడు స్తంభం పైన మరో కొత్త కొండ మొదలవుతుంది. ఇలా పాతవి, కొత్తవి వరసగా దీవులవుతాయి.

గోదావరి లంకలు చూసి పెరిగిన మనకు దీవి అంటే ఏరు తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు. వరదొస్తే కోసుకుపోతుంది, తర్వాత ఇంకోచోట తేలుతుంది. సముద్రం మధ్యలోని అగ్నిపర్వత దీవి తీరు వేరు. అది కిలోమీటర్ల లోతున ఉన్న సముద్రపు అడుగు నుంచి లావా పొర మీద పొర వేసుకుంటూ నీటి పైకి వచ్చిన కొండ శిఖరం. మనకు కనిపించేది కొంచెమే.

కాతేరు రాయికీ, మారిషస్‌కూ మూలమని చెప్పే హాట్‌స్పాట్ ఇప్పుడు రీయూనియన్ కింద ఉంది. అక్కడి పితాన్ ద లా ఫూర్నేజ్ ప్రపంచంలో తరచుగా మండే అగ్నిపర్వతాల్లో ఒకటి. మారిషస్ దానికి ఈశాన్యంగా సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉంది, దానికన్నా పాతది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట అదే హాట్‌స్పాట్ మీదుగా జరిగింది మన భారత ఫలకం. అప్పుడు పొంగిన లావానే దక్కన్ పీఠభూమి. నేటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లలో పరుచుకుని, పశ్చిమ కనుమల దగ్గర రెండు కిలోమీటర్ల దాకా మందంగా ఉంది. గోదావరి పుట్టిన త్ర్యంబకేశ్వరం కొండలు ఈ రాయే. నల్లరేగడి ఈ రాయి అరిగితే వచ్చిన మట్టే.

చేతిలో కాగితం ఉంటే ఓ లెక్క

ఈ కథ నిజమో కాదో సుమారుగా మనమే సరిచూడొచ్చు. రీయూనియన్ భూమధ్యరేఖకు దక్షిణంగా 21 డిగ్రీల దగ్గర ఉంది. దక్కన్ లావా బాగా మందంగా ఉన్న మహాబలేశ్వరం ఉత్తరంగా 18 డిగ్రీల దగ్గర. మధ్య తేడా 39 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున సుమారు 4,300 కిలోమీటర్లు, అంటే 43 కోట్ల సెంటీమీటర్లు. దాన్ని 6.6 కోట్ల ఏళ్లతో భాగిస్తే ఏడాదికి 6.5 సెంటీమీటర్లు. ఫలకాలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున కదులుతాయని ఉపగ్రహాల కొలతలు చెబుతున్నాయి కాబట్టి ఇది నమ్మదగిన అంకే.

అయితే సగటు దగ్గర ఆగిపోతే అసలు సంగతి తెలియదు. 1987లో ఒక అంతర్జాతీయ తవ్వకపు నౌక హిందూ మహాసముద్రంలో, మాల్దీవుల నుంచి దక్షిణానికి వరసగా, అడుగున ఉన్న లావా రాయిని తవ్వి తీసింది. మాల్దీవుల దగ్గర, ఉత్తరంగా 5 డిగ్రీల చోట దొరికిన రాయి వయసు 5.7 కోట్ల ఏళ్లు. ఇంకా దక్షిణాన చాగోస్ దీవుల దగ్గర, దక్షిణంగా 4 డిగ్రీల చోట 4.9 కోట్లు. దక్షిణానికి వెళ్లేకొద్దీ వయసు తగ్గుతోంది. హాట్‌స్పాట్ కథ చెప్పేదీ అదే.

ఇప్పుడు ఆ ముక్కలను విడివిడిగా లెక్కించండి. మహాబలేశ్వరం నుంచి మాల్దీవులకు 13 డిగ్రీలు, 90 లక్షల ఏళ్లు: ఏడాదికి 16 సెంటీమీటర్లు. అక్కడి నుంచి చాగోస్‌కు 9 డిగ్రీలు, 80 లక్షల ఏళ్లు: 12 సెంటీమీటర్ల పైచిలుకు. భారత ఫలకం ఆసియాను ఢీకొనకముందు విపరీతమైన వేగంతో ఉత్తరానికి వచ్చిందనీ, ఢీకొన్నాక నెమ్మదించిందనీ వేరే ఆధారాలతో తేల్చినదానికి ఇది సరిపోతోంది. నేడు మన వేగం ఏడాదికి 5 సెంటీమీటర్ల దగ్గర ఉంది.

మారిషస్‌ను ఇదే వరసలో పెట్టబోతే చిన్న చిక్కు వస్తుంది. భారత, ఆఫ్రికా ఫలకాలు విడిపోయే పగులు మధ్యలో ఈ హాట్‌స్పాట్ మీదుగా జరిగిపోయింది. దాంతో వరస రెండు ముక్కలైంది. చాగోస్ వరకూ ఉన్నది భారత్ వైపు, మారిషస్, రీయూనియన్‌లు ఆఫ్రికా వైపు. ఆఫ్రికా వైపు ఫలకం నెమ్మది మనిషి. 200 కిలోమీటర్లు జరగడానికి 80, 90 లక్షల ఏళ్లు, ఏడాదికి రెండు సెంటీమీటర్ల పైచిలుకు.

కాతేరు దాకా లావా ఎలా వచ్చింది?

దక్కన్‌లో ఎక్కడా కోన్ ఆకారపు కొండ, దాని నెత్తిన బిలం కనిపించవు. అక్కడ లావా వచ్చింది పొడవాటి పగుళ్లలోంచి. అందుకే కాతేరు దగ్గర బిలం కోసం వెతికితే దొరకదు. సమస్య ఇంకొకటి. దక్కన్ లావా ప్రధాన భాగం తూర్పున వికారాబాద్, జహీరాబాద్ ప్రాంతాల దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి రాజమండ్రి వందల కిలోమీటర్లు. మధ్యలో ఈ రాయి లేదు. గోదావరికి ఇరువైపులా మాత్రం మళ్లీ ప్రత్యక్షమవుతుంది.

దీనికి రెండు సమాధానాలు ఉన్నాయి. ఇక్కడే స్థానికంగా పగుళ్లు తెరుచుకుని లావా వచ్చిందన్నది పాత వాదన. తీరం పొడవునా భూమి పొర చీలిన చరిత్ర ఉంది కాబట్టి అది కొట్టిపారేయదగింది కాదు. రెండోది, పశ్చిమ కనుమల వైపు పొంగిన లావాయే పాతకాలపు నదీలోయల వెంట పల్లానికి పారుతూ సముద్రం దాకా వచ్చిందన్న వాదన. రాజమండ్రి రాయి రసాయన కూర్పు మహాబలేశ్వరం దగ్గరి అంబెనళి, మహాబలేశ్వర్ పొరల కూర్పుతో సరిపోయింది. వయసులూ దగ్గర దగ్గరగా వచ్చాయి. ఇప్పుడు ఎక్కువమంది మొగ్గు ఈ రెండో వాదన వైపే. అది నిజమైతే భూమ్మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇవి ఉంటాయి, వెయ్యి కిలోమీటర్ల దరిదాపుల్లో.

అంతదూరం చల్లారకుండా ఎలా వచ్చిందని అడగడం న్యాయమే. పాల మీద మీగడ కట్టినట్టు లావా పైన గట్టి పెచ్చు కడుతుంది. రాయి వేడిని తొందరగా వదలదు. కాబట్టి పెచ్చు కింద లావా ద్రవంగానే పారుతూ, ముందుకు తోసుకుంటూ పోతుంది. మారిషస్ ఉత్తర భాగంలో ప్లేన్ దె రోష్ అనే చోట ఇలా పారిన లావా ఖాళీ చేసి వెళ్లిన సొరంగాలు ఇప్పటికీ ఉన్నాయి, మనుషులు నడిచి వెళ్లేంత పెద్దవి.

కాతేరులోను, పంగిడి, దుద్దుకూరు వైపు క్వారీల్లోను రెండు లావా పొరల మధ్య సున్నపురాయి, బంకమన్ను పొర ఒకటి ఉంది. అందులో గవ్వలు, ఆల్చిప్పలు, సూక్ష్మజీవుల పెంకులు ఉన్నాయి. ఒక లావా పొర వచ్చి చల్లారాక, రెండోది రాకముందు ఇక్కడ లోతులేని సముద్రపు పాయ ఉండేదన్నమాట. డైనోసార్లు అంతరించిన కాలపు సరిహద్దు కోసం అమెరికా భూవిజ్ఞాని గెర్టా కెల్లర్ బృందం వెతికింది ఈ పొరలోనే. ఆ వినాశనానికి మెక్సికోలో పడిన గ్రహశకలం కారణమా, దక్కన్ లావా కారణమా అన్న పెద్ద వాదనలో లావా వైపు వకాల్తా పుచ్చుకున్నవారు ఆమె. ఎక్కువమంది శాస్త్రవేత్తలు గ్రహశకలాన్నే ముఖ్య కారణంగా చూస్తారు. లావా పాత్ర ఎంతన్నది మాత్రం ఇంకా తెగలేదు. అలాంటి సాక్ష్యం ఉన్న రాయి రోజూ క్రషర్లలో పడి రోడ్డు మెటల్ అవుతోంది. డెల్టాలో ఎక్కడ తవ్వినా ఒండ్రే కాబట్టి రాయికి వీటి మీద ఆధారపడక తప్పదు. అయినా ఆ సున్నపు పొర కనిపించే ఒకటి రెండు ముఖాలైనా వదిలేస్తే బాగుండును.

ఈ రాయి క్వారీల దగ్గరే ఆగలేదు. చమురు కోసం తవ్విన బావుల్లో కోనసీమ ఒండ్రు కింద, కిలోమీటర్ల లోతున కూడా తగిలింది. ఆ పొరకు భూవిజ్ఞానులు పెట్టిన పేరు రాజోలు ఫార్మేషన్.

కథకు ఉన్న అభ్యంతరాలు

హాట్‌స్పాట్ సిద్ధాంతం అందరూ ఒప్పుకున్నది కాదు. లోతు నుంచి లేచే స్తంభాలు అసలు లేవనీ, ఫలకం సాగి పలచబడిన చోట పై పొరల్లోని మాగ్మాయే బయటికి వస్తుందనీ వాదించే భూవిజ్ఞానులు ఉన్నారు. దక్షిణానికి వయసు తగ్గడాన్ని వాళ్లు పగులు క్రమంగా పాకడంగా వివరిస్తారు. హాట్‌స్పాట్ కూడా పూర్తిగా స్థిరం కాదని, కొన్ని డిగ్రీలు కదిలి ఉండొచ్చని మొదటి వర్గంవాళ్లే ఒప్పుకుంటారు. పైన మనం వేసిన లెక్కలో ఆ తప్పు ఉంది.

ఇంకో వింత మారిషస్‌లోనే బయటపడింది. దీవి వయసు కోటి ఏళ్లు కూడా లేదు. కానీ అక్కడి లావాలో దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి జిర్కాన్ అనే ఖనిజపు రేణువులు దొరికాయని 2017లో ఒక పరిశోధన బృందం ప్రకటించింది. భారత్, మడగాస్కర్ విడిపోయినప్పుడు తెగిపడిన పాత ఖండపు ముక్క ఒకటి దీవి కింద ఉందని, పైకి వస్తూ లావా దాన్ని కాస్త గీరుకుని తెచ్చిందని వాళ్ల వివరణ.

కోరంగి నుంచి వెళ్లినవాళ్ల దీవి

భూమి కలిపిన ఈ రెండు చోట్లను మనుషులు ఇంకోసారి కలిపారు. 1834 నుంచి చెరకు తోటల కోసం భారత్ నుంచి ఒప్పంద కూలీలను మారిషస్‌కు తరలించారు. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన తెలుగువాళ్లకు అక్కడ 'కోరంగీలు' అనే పేరు పడింది. 1789లో, 1839లో వచ్చిన తుపాన్లు ఆ రేవును దెబ్బ మీద దెబ్బ తీశాయి. ఇప్పుడు కోరంగి అంటే మడ అడవులే. మారిషస్‌లో మాత్రం ఉగాది ప్రభుత్వ సెలవు, సింహాద్రి అప్పన్న పూజ నేటికీ చేస్తారు.

వాళ్లు బెల్లం, పంచదారగా మార్చిన ఆ చెరకు పండింది కూడా లావా అరిగిన మట్టిలోనే. పొలాల్లోంచి ఏరి గుట్టలు వేసిన నల్లరాళ్లు మారిషస్‌లో ఎటు చూసినా కనిపిస్తాయి.

ఆ దీవిలో హిందువులకు అతి పవిత్రమైన చోటు గంగా తలావ్. మ్యాప్‌లో పేరు గ్రాండ్ బసిన్. 1898లో ట్రియోలే ఊరి నుంచి వెళ్లిన బృందంతో అక్కడికి యాత్ర మొదలైంది. 1972లో గంగాజలం తెచ్చి కలిపారు. శివరాత్రికి లక్షల్లో జనం, చాలామంది కాలినడకన, వెళ్తారు. సముద్రమట్టానికి 550 మీటర్ల ఎత్తున ఉన్న ఆ సరస్సు ఒక అగ్నిబిలం. అంటే మారిషస్‌లో ఆరిపోయిన బిలాన్ని చూసేవాళ్లలో పర్యాటకులకన్నా భక్తులే ఎక్కువేమో.

గట్టు మీద నిలబడితే

ఫొటోల్లో ఎక్కువగా కనిపించేది క్యూర్‌పిప్ పట్నంలోని త్రూ ఓ సెర్. గట్టు ఎత్తు సుమారు 600 మీటర్లు, బిలం వెడల్పు 300 మీటర్ల పైచిలుకు, లోతు 80 మీటర్లకు పైనే. గట్టు చుట్టూ రోడ్డు ఉంది. ఉదయం నడకకు వచ్చే ఊళ్లోవాళ్లు, వాతావరణ రాడార్, చుట్టూ ఇళ్లు. నిప్పు, పొగ, గంధకం వాసన ఏమీ ఉండవు. లోపలంతా చెట్లు, అడుగున బురద, కాసిని నీళ్లు. ఆ ఊళ్లో ఎప్పుడు చూసినా వానే కాబట్టి మబ్బు పడితే అదీ కనిపించదు. అగ్నిపర్వతం అనగానే సినిమాలో చూసినది ఊహించుకుని వెళ్తే నిరాశే. చూడాల్సింది ఆకారం: గట్టు వాలు, గుండ్రదనం, దూరంగా కనిపించే మొనదేలిన కొండలు. ఆ కొండలు మొదటి దశ అగ్నిపర్వతం అరిగిపోగా మిగిలిన గోడలు. ఈ బిలం మాత్రం చివరి దశది, వాటి ముందు పసిపిల్ల. దీవికి అడ్డంగా ఉత్తర-ఈశాన్యం నుంచి దక్షిణ-నైరుతికి ఒక గీత గీసినట్టు ఇలాంటి బిలాలు మరికొన్ని ఉన్నాయి.

ఇది ఆరిపోయిందా? మారిషస్‌లో లావా మూడు దశల్లో వచ్చింది. మొదటిది సుమారు 90 లక్షల ఏళ్ల కిందట మొదలైంది. మొదటి దశకూ రెండో దశకూ మధ్య పది లక్షల ఏళ్ల పైన నిశ్శబ్దం ఉంది. చివరి దశ గత పది లక్షల ఏళ్లలోది, 25 వేల ఏళ్ల కిందటి దాకా సాగింది. 12 వేల ఏళ్ల గీత ప్రకారం ఇది చురుకైనది కాదు. చరిత్ర ప్రకారం మనిషెవరూ ఇక్కడ లావా చూడలేదు. హాట్‌స్పాట్ ప్రకారం దీవి పొయ్యి మీంచి ఎప్పుడో జరిగిపోయింది. మూడూ ఆరిపోయిందనే చెబుతున్నట్టున్నాయి. కానీ జరిగిపోయాక కూడా రెండు దశలు వచ్చాయి కదా! ప్రధాన కొండ చల్లారి, అరిగి, లక్షల ఏళ్లు గడిచాక చిన్న చిన్న బిలాలు మళ్లీ తెరుచుకోవడం హవాయి దీవుల్లోనూ జరిగింది. హోనొలులు పక్కనున్న డైమండ్ హెడ్ అలాంటిదే. ఇలా ఎందుకు జరుగుతుందో ఇంకా వాదనల్లోనే ఉంది. 25 వేల ఏళ్ల మౌనం చివరి దశ మొత్తంలో నలభయ్యో వంతు. అంతకన్నా ఎంతో పొడవైన మౌనాల తర్వాత కూడా ఈ దీవి లేచింది. అందుకే గైడ్లు 'నిద్రపోతోంది' అంటే అబద్ధం కాదు, పుస్తకాలు 'ఆరిపోయింది' అన్నా తప్పు కాదు. వేల, లక్షల ఏళ్ల లెక్కను వారం రోజుల సెలవుకు అన్వయిస్తే మాత్రం భయపడాల్సింది ఏమీ మిగలదు.

బిలాల దగ్గర మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్న సందర్భాలు వేరే. 2019 డిసెంబరు 9న న్యూజిలాండ్‌లోని వైట్ ఐలాండ్‌లో పర్యాటకులు బిలంలో తిరుగుతుండగా పేలి 22 మంది చనిపోయారు. అది ఏ లెక్కన చూసినా చురుకైనదే, అప్పటికి హెచ్చరిక స్థాయి కూడా పెంచి ఉంది. 1986లో కామెరూన్‌లోని న్యోస్ బిలం సరస్సు లావా చుక్క లేకుండానే 1,700 మందికి పైగా పొట్టన పెట్టుకుంది. అడుగున కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా పైకి పొంగి లోయల్లోకి పాకింది. త్రూ ఓ సెర్ దగ్గర అలాంటి లోతైన సరస్సు లేదు. అక్కడ జారిపడకుండా చూసుకోవాల్సింది వాలు ఒక్కటే, వానకు నానినప్పుడు మరీ.

మరి కాతేరు కింద?

ఇక్కడ సందేహానికి చోటు చాలా తక్కువ. దక్కన్ లావాను పొంగించిన వేడి ఇప్పుడు నాలుగు వేల కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ లావా ఇక్కడ పుట్టిందన్న పాత వాదన నిజమైనా సరే, 6 కోట్ల ఏళ్లకు పైగా ఆ పగుళ్లలోంచి ఏమీ రాలేదు. ఆ తర్వాత కోనసీమ వైపు ఆ లావా మీద కిలోమీటర్ల మందాన ఒండ్రు పేరుకుంది. ఆరిపోయింది అనే మాటను అనుమానం లేకుండా వాడగల చోటు ఇది.

కోనసీమలో నడివయసువాళ్లకు నేలలోంచి లేచిన మంట గుర్తుంటుంది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి పేలి 65 రోజులు మండింది. రాత్రిళ్లు చుట్టుపక్కల ఊళ్లు పట్టపగల్లా ఉండేవి. అగ్నిపర్వతం లేస్తోందేమోనని అప్పట్లో భయపడినవాళ్లు ఉండే ఉంటారు. అది మాగ్మా కాదు, ఒండ్రు పొరల్లో లక్షల ఏళ్లుగా చిక్కుకున్న సహజవాయువు. మాగ్మా వేడి వెయ్యి డిగ్రీల పైమాట, అది రావడానికి ముందు నేల ఉబ్బుతుంది, వరసగా భూకంపాలు వస్తాయి. వాయువుకు అవేమీ అక్కర్లేదు, ఒక తవ్వకమో పైపులో ఒక లీకో చాలు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో ఇరవై మందికి పైగా చనిపోయింది గ్యాస్ పైప్‌లైన్ లీకై అంటుకున్నప్పుడే.